మా ఊరి పేరు అద్దెకు తీసుకున్న జట్ల యజమానులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. క్రికెట్ సన్‌రైజర్స్ యాజమాన్యానికి, కబడ్డీ తెలుగు టైటాన్స్ వాళ్లకి, వాలీబాల్ బ్లాక్ హాక్స్‌కి, హాకీ తూఫాన్స్‌కి, ఫుట్‌బాల్ క్లబ్బును మూట కట్టుకుని ఢిల్లీ వెళ్లిపోయిన పెద్దలకు, రేపు ఏ కొత్త లీగ్‌లోనో ‘హైదరాబాద్’ను వేలంలో పాడుకోబోయే వాళ్లకు, అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఎవరికి వాళ్లకి రాసే ఓపిక లేక కాదు. చెప్పాల్సింది అందరికీ ఒకటే.

మీ జట్టు పేరులో సగం మీది, సగం మాది. మీ సగంతో మీ ఇష్టం. రంగు మార్చుకోండి, లోగో మార్చుకోండి, అదే పేరుతో దేశదేశాల్లో జట్లు పెట్టుకోండి. సన్‌రైజర్స్ అన్న మాట ఇప్పుడు దక్షిణాఫ్రికాలో ఈస్టర్న్ కేప్‌కీ తగిలింది, ఇంగ్లండ్‌లో లీడ్స్‌కీ తగిలింది. సంతోషం. మా సగం మాత్రం మీరు అద్దెకు తీసుకున్నది. 2012 అక్టోబరులో సన్ టీవీ హైదరాబాద్ ఫ్రాంచైజీని ఏడాదికి 85.05 కోట్ల చొప్పున పాడుకుంది. ఆ డబ్బు పోయేది బీసీసీఐకి. ఊరికి పైసా రాదు, రావాలని మేం అడగడమూ లేదు. ఊరికి కట్టాల్సిన అద్దె వేరే ఉంది. అది చాలాకాలంగా బాకీ పడింది.

ముందు మా గోడు కాస్త వినండి.

మా ఊరి కప్పుల కథ చిత్రంగా ఉంటుంది. 2008లో మా మొదటి ఐపీఎల్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచ్‌ల్లో రెండంటే రెండే గెలిచి అట్టడుగున మిగిలింది. మరుసటి ఏడాది ఎన్నికల వల్ల ఐపీఎల్ దక్షిణాఫ్రికాకు పోతే, అదే జట్టు గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో జొహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు కొట్టింది. ఆ ఫైనల్లో గిల్‌క్రిస్ట్ సున్నాకే ఔట్, కుంబ్లే 16 పరుగులిచ్చి నలుగురిని పడగొట్టాడు, అయినా గెలిచాం. ఊళ్లో టీవీల ముందు ఎగిరి గంతులేశాం. ఆ పై ఏడాది తెలంగాణ ఉద్యమం వేడిలో మన మ్యాచ్‌లన్నీ నాగ్‌పూర్‌కి, కటక్‌కి, నవీ ముంబయికి తరలిపోయాయి. అంటే డిఫెండింగ్ ఛాంపియన్ హోదాలో ఆడుతున్న మా జట్టును ఆ ఐపీఎల్‌లో మా గడ్డ మీద ఒక్కసారి కూడా చూసుకోలేకపోయాం. 2012 కల్లా యజమానుల డబ్బు ఇబ్బందులతో ఆ జట్టే లేకుండా పోయింది.

2016లో వార్నర్ కెప్టెన్సీలో సన్‌రైజర్స్ గెలిచింది కూడా బెంగళూరులోనే, బెంగళూరు మీదనే, ఎనిమిది పరుగుల తేడాతో. 2022లో ఫుట్‌బాల్ కప్పు గోవాలో గెలిచాం. ఉప్పల్‌లో మాత్రం 2017లో ఒక ఐపీఎల్ ఫైనల్, 2019లో ఇంకొకటి జరిగాయి. రెండింటిలోనూ ముంబయి ఒక్క పరుగు తేడాతో గట్టెక్కింది. రెండింటిలోనూ మనం లేం. మన స్టేడియం, మన ఎండ, మన ట్రాఫిక్ జామ్, కప్పు మాత్రం పక్కింటోళ్లది. సొంత జనం ముందు హైదరాబాద్ జట్టు ఒక పెద్ద లీగ్ కప్పు ఎత్తిందంటే నాకు గుర్తొచ్చేది 2018 జనవరిలో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ఎత్తిందే. హైదరాబాద్ హంటర్స్, బ్యాడ్మింటన్ లీగ్. అప్పుడూ ఓడింది బెంగళూరే. (బెంగళూరు మిత్రులు ఏమీ అనుకోవద్దు, 2025లో మీకూ కప్పొచ్చింది కదా.) ఆ బ్యాడ్మింటన్ లీగ్ 2020తో ఆగిపోయింది, దానితోపాటు హంటర్సూ పోయింది.

ఇన్ని పోయినా మేం మళ్లీ మళ్లీ కొత్త జెర్సీ కొంటూనే ఉన్నాం. ఎందుకు కొంటున్నామో మీకు తెలియాలంటే మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రం అయిదింటికి బాక్సు సీట్ల గేటు వైపు కాకుండా మెట్రో వైపు నుంచి రండి. నాగోల్ దాకా పోయే బ్లూ లైన్‌లో ‘స్టేడియం’ అనే స్టేషన్ ఉంది. హబ్సిగూడ దాటేసరికే బోగీ అంతా నారింజ రంగు. మెట్లు దిగగానే తాళ్ల మీద వేలాడే నకిలీ జెర్సీలు. వాటి వెనక హెడ్ ఉంటాడు, అభిషేక్ ఉంటాడు, క్లాసెన్ ఉంటాడు, జట్టులోంచి పోయి ఏళ్లయినా వార్నర్ ఇంకా ఉంటాడు. ఒక ఉతుకుకే అక్షరాలు ఊడతాయని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్న కుర్రాడు చిన్నపిల్లల బుగ్గల మీద రంగు పూస్తుంటాడు. చేతిలో బ్రష్షు కూడా ఉండదు, చూపుడువేలే. పాప కదలకుండా గడ్డం పట్టుకుని, ఎడమ బుగ్గ మీద మూడక్షరాలు, కుడి బుగ్గ మీద సూర్యుడు గీస్తాడు. ఫోన్ కెమెరా అద్దంలా తిప్పి చూపిస్తే ఆ పాప మొహం చూడాలి. గేటు దగ్గర మాత్రం మర్యాదలు వేరే. పవర్ బ్యాంకు వద్దు, ఇయర్‌ఫోన్స్ వద్దు, నీళ్ల బాటిల్ వద్దు, జేబులో చిల్లర కూడా వద్దు. గోడ వారన అవన్నీ కుప్ప పోసి ఉంటాయి. తిరిగొచ్చేసరికి ఏవీ ఉండవు.

ఆ గేటు దాటి లోపలికెళ్లాక వచ్చే హోరు కోసమే ఇదంతా. 2024 మార్చి 27న ముంబయి మీద 277 కొట్టిన రాత్రి గ్యాలరీలో ఉన్నవాళ్లు ఇంకా ఆ మత్తులోంచి బయటపడలేదు. ఎవడు కొడుతున్నాడో, బంతి ఎటు పోతోందో చూసే టైమ్ లేదు, లేచి నిలబడ్డమే. ‘కాటేరమ్మ కొడుకులు’ అని మావాళ్లు ముద్దుగా పిలుచుకున్నది ఆ జట్టునే. ఒకడిది ఆస్ట్రేలియా, ఒకడిది పంజాబ్, ఒకడిది దక్షిణాఫ్రికా. అయినా సరే కాటేరమ్మ కొడుకులే. తెలుగువాడు సొంతం చేసుకోదలిస్తే అడ్రస్ ప్రూఫ్ అడగడు.

ఇక్కడ ఒక విషయం సూటిగా మాట్లాడుకోవాలి. 2021లో ఒక శాసనసభ్యుడు, జట్టులో హైదరాబాదీలు లేకపోతే మ్యాచ్‌లు జరగనివ్వం అన్నారు. ఆ బెదిరింపు మాకు నచ్చలేదు. మేం అడిగేది కోటా కాదు. కేన్ విలియమ్సన్‌ను ‘కేన్ మామ’ చేసుకున్న ఊరు ఇది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి కూతకు వెళ్తుంటే గచ్చిబౌలి ఊగిపోయేది. యజమాని ఏ ఊరివాడన్నది కూడా మాకు పట్టింపు కాదు. ఆ మాటకొస్తే ఢిల్లీ క్యాపిటల్స్‌లో సగం వాటా మన తెలుగువాళ్ల జీఎంఆర్‌ది, హైదరాబాద్ జట్టు చెన్నై వాళ్లది. విశాఖపట్నం కథ ఇంకా గమ్మత్తు. ఢిల్లీ జట్టు విశాఖను రెండో ఇల్లుగా చేసుకుని, 2025 మార్చి 30న అక్కడే సన్‌రైజర్స్‌ను ఓడించింది. ఆ రోజు సన్‌రైజర్స్ తరఫున ఆడుతున్న విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సొంత ఊళ్లో విజిటింగ్ టీమ్ ఆటగాడు. ఇదంతా చూసి మేం నవ్వుకున్నాం గానీ ఏడవలేదు.

మరి మా బాధ ఏమిటంటారా? సిరాజ్.

టోలిచౌకి కుర్రాడు, ఆటో నడిపిన తండ్రి కొడుకు. 2017 వేలంలో 2.6 కోట్లకు సన్‌రైజర్స్ తీసుకున్నారు. ఆ వార్త వచ్చిన రోజు ఈ ఊళ్లో టెన్నిస్ బంతితో ఆడే ప్రతి కుర్రాడూ తన రనప్ నాలుగడుగులు పెంచుకున్నాడు. ఒక్క సీజన్ కాగానే వదిలేశారు. తర్వాత అతను ఏడేళ్లు బెంగళూరుకు ఆడాడు, అక్కణ్నుంచి గుజరాత్‌కు వెళ్లాడు. 2025 ఏప్రిల్ 6న ఉప్పల్ వచ్చి మన మీద 17 పరుగులకు నాలుగు వికెట్లు తీశాడు. ఆ రాత్రి స్టాండ్‌లో మా పరిస్థితి ఊహించుకోండి. హెడ్ వికెట్ పడితే గుండె జారింది, చేతులు మాత్రం చప్పట్లు కొట్టాయి. నా పక్క సీట్లో నారింజ జెర్సీ వేసుకున్న పెద్దాయన, “అరే, మన పోరడే మనల్ని కొట్టిండు, ఎవర్ని తిట్టాలె?” అన్నాడు. ఎవర్ని తిట్టాలో ఆయనకూ తెలుసు, మర్యాదకు అనలేదు.

అదొక్కటే అయితే పొరపాటు అనుకుని ఊరుకునేవాళ్లం. ఇందాక చెప్పిన 277 రాత్రి అటువైపు ముంబయికి టాప్ స్కోరర్ ఎవరో గుర్తుందా? తిలక్ వర్మ, 64 పరుగులు. చాంద్రాయణగుట్ట పిల్లాడు. 2022 వేలంలో 1.7 కోట్లకు ముంబయి ఎగరేసుకుపోయింది. ఇంకాస్త వెనక్కి పోతే అంబటి రాయుడు ముంబయితో, చెన్నైతో ఎన్ని కప్పులు పట్టుకున్నాడో అందరూ చూశారు. వీళ్లను కోటాలో తీసుకోవాల్సిన పని లేదు. ఆట చూసి తీసుకున్నా వచ్చేవాళ్లే, వేరే ఊరివాళ్లు అలాగే తీసుకున్నారు. ముంబయి తరఫున కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్‌కి లింగంపల్లి అకాడమీ దారి తెలిసినప్పుడు, ఇదే ఊరి పేరు మీద నడిచే జట్టుకు తెలియకపోవడం మాత్రం మాకు అర్థం కాదు. నితీశ్ విషయంలో మీరు కళ్లు తెరిచి చూశారు. ఇరవై లక్షలకు తెచ్చిన కుర్రాడు 2024లో ఎమర్జింగ్ ప్లేయర్ అయ్యాడు, అదే ఏడాది డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొడితే స్టాండ్స్‌లో వాళ్ల నాన్న కన్నీళ్లు దేశమంతా చూసింది. ఆ గౌరవంలో మీ వాటా మీకు ఇస్తాం. ఇంకో నలుగురు నితీశ్‌లు కరీంనగర్‌లోనో కడపలోనో ఉన్నారేమో కూడా చూడండి అంటున్నాం, అంతే.

ఇంకో నొప్పి ఉంది. ఇది చెప్పుకోవడానికి కాస్త సిగ్గు. చెన్నై వచ్చిన రోజు ఉప్పల్ పసుపు రాసుకుంటుంది. బెంగళూరు వచ్చిన రోజు ఎర్రబడుతుంది. 2023 మే 18న క్లాసెన్ మన తరఫున 51 బంతుల్లో 104 కొట్టాడు. అదే రాత్రి కోహ్లీ సెంచరీ కొట్టాడు. ఏ సెంచరీకి ఎక్కువ అరుపులు వచ్చాయో మీ ఓనర్ల బాక్సులోకి కూడా వినపడే ఉంటుంది. ధోనీ, కోహ్లీ అంటే దేశమంతా పిచ్చి, అది ఒప్పుకుంటాం. కానీ చెన్నైలో మనం ఆడినప్పుడు చెపాక్ నారింజ రంగులోకి మారుతుందా?

తప్పు మా జనానిదేనని మీరు అనుకుంటే ఒక్కసారి మీ లెక్కల పుస్తకం తిప్పండి. ధోనీ మొదటి సీజన్ నుంచీ చెన్నై మనిషి. కోహ్లీ మొదటి సీజన్ నుంచీ బెంగళూరు మనిషి. మాకు మనిషి దొరికాడు అనుకునేలోపే మీరు పంపించేశారు. వార్నర్ సంగతే చూడండి. మూడుసార్లు ఆరెంజ్ క్యాప్ (సీజన్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు కొట్టినవాడికి ఇచ్చేది), 2016లో 848 పరుగులు, కప్పు. లాక్‌డౌన్‌లో మేం ఇళ్లల్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే భార్యాపిల్లలతో తెలుగు పాటలకు స్టెప్పులేసి నవ్వించాడు. అతన్ని 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీశారు, తర్వాత జట్టులోంచే తీశారు. ఫామ్ పోయింది, ఆటలో అది మామూలే. కానీ దుబాయ్ స్టేడియంలో ఆ మనిషి ప్రేక్షకుల మధ్య కూర్చుని మన జెండా ఊపుతుంటే ఇక్కడ ఎన్ని ఇళ్లల్లో టీవీ కట్టేశారో మీకు తెలియదు. పెళ్లిలో అప్పగింతలకైనా ఒక పద్ధతి ఉంటుంది కదండీ. మరుసటి ఏడాది అతను ఢిల్లీ తరఫున మన మీదే 92 నాటౌట్ కొట్టాడు. అదే వేలం ముందు రషీద్ ఖాన్‌ను వదులుకుంటే గుజరాత్ వెళ్లి వెంటనే కప్పు గెలిచాడు. పదకొండు సీజన్లు బంతి వేసిన భువనేశ్వర్ 2025లో బెంగళూరు వెళ్లి అక్కడ కప్పు ఎత్తాడు. జట్లన్నీ దాదాపు మొదటి నుంచి కట్టుకునే మెగా వేలం రూల్స్ అందరికీ ఒకటే, అయిదారుగురిని మించి ఎవరూ ఉంచుకోలేరు. అయినా ఆ రూల్స్‌లోనే కొందరు తమ ఊరికి ఒక ముఖాన్ని మిగుల్చుకున్నారు. ఊరి పిల్లాడు పదేళ్లప్పుడు గోడకి అంటించుకున్న పోస్టర్ పదహారేళ్లు వచ్చేదాకా ఉండాలి. మాకు ప్రతి మూడేళ్లకీ గోడ ఖాళీ.

ఇక ఫుట్‌బాల్. దీని గురించి రాయాలంటే చెయ్యి ఆగుతుంది, అయినా రాస్తాను.

ఈ ఊరు క్రికెట్ ఊరు కాకముందు ఫుట్‌బాల్ ఊరు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు ఆ కాలపు పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులన్నీ వీళ్ల ముందు తలలు వంచాయి. ఆ జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారు పతకాలు తెచ్చిపెట్టింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లింది ఆయనే. ఆ ఒలింపిక్ జట్టులో మన నగరం వాళ్లు చాలామందే ఉన్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం వాళ్లలో ఒకడు. 1962లో జకార్తాలో ఆ రెండో బంగారం గెలిచిన మరుసటి ఏడాదే రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ తర్వాత నెమ్మదిగా మైదానాలు తగ్గాయి, ఆట పాతబస్తీ గల్లీల్లో, బొలారంలో, సికింద్రాబాద్ పాత మైదానాల్లో తలదాచుకుంది.

అందుకే 2019లో పుణె క్లబ్బు మూతపడి ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చిందంటే ముసలివాళ్లు కూడా గచ్చిబౌలి దాకా వచ్చారు. మొదటి ఏడాది అట్టడుగు. పర్లేదు, మాకది అలవాటే. తర్వాత రెండు సీజన్లు కోవిడ్ వల్ల అన్నీ గోవాలోనే. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ పిల్లల్ని పోగేసి జట్టు కట్టాడు. ఓగ్బెచె ఆ ఏడాది 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, ఎదురుగా కేరళ. స్టేడియం అంతా పసుపు సముద్రం, మనవాళ్లు ఒక మూల. 88వ నిమిషం దాకా ఒక గోల్ వెనకబడి ఉన్నాం. సాహిల్ తవోరా బంతిని గాల్లోంచే తన్నాడు, స్కోరు సమం. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. మూడు! మన క్లబ్బు అభిమాన సంఘం డెక్కన్ లీజియన్ కుర్రాళ్లు ఆ రాత్రి నుంచి తెల్లారేదాకా డప్పులు ఆపలేదు.

ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు, మీలో కొందరు చేసిందే కాబట్టి. 2022-23లో మన ఊళ్లోనే ఆడి టేబుల్‌లో రెండో స్థానంలో నిలిచాం. ఆ పై ఏడాది జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కుర్రాళ్లతో నెట్టుకొస్తే 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి. యజమానులు మారారు. 2025 అక్టోబరులో ఆ క్లబ్బు ఢిల్లీ వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఛాంపియన్ అయిన మూడున్నరేళ్లకు! అన్నీ అమ్ముకోండి, మీ పెట్టుబడి మీది. కానీ డప్పు వాయించిన కుర్రాళ్లను పిలిచి, ఇదీ పరిస్థితి, ఇన్ని కోట్లు నష్టం, ఇక మా వల్ల కాదు అని ఎదురుగా కూర్చుని చెప్పి ఉంటే ఎంత బాగుండేది? అద్దె ఇల్లు ఖాళీ చేసేవాడు కూడా నెల ముందు చెబుతాడు. పోతూ పోతూ ఆ కప్పు నమూనా ఒకటి ఎల్బీ స్టేడియంలో పెట్టి పోయినా సరిపోయేది. రహీం సాబ్ ఊళ్లో ఆ మాత్రం జాగా దొరకదా?

మిగతావాళ్ల గురించి ఎక్కువ చెప్పను. హాకీ తూఫాన్స్ 2024-25 సీజన్‌లో ఫైనల్ దాకా వెళ్లి రన్నరప్‌గా నిలిచారు, మెచ్చుకోవాలి. కానీ ఆ మ్యాచ్‌లు రూర్కెలాలో, రాంచీలో. హైదరాబాద్ తూఫాన్ హైదరాబాద్ మీదుగా వీచనే లేదు. లీగ్ పెద్దలు వేదికలు ఖరారు చేస్తారు, మీ చేతిలో లేదు, ఒప్పుకుంటాం. కనీసం సీజన్ ముందు వారం రోజులు ఇక్కడ ప్రాక్టీస్ పెట్టి బడిపిల్లల్ని రానివ్వండి. టైటాన్స్ వాళ్ల మీద నాకు పెద్ద కోపం లేదు. వరసగా మూడు సీజన్లు ఆఖర్న నిలిచినా ఊరిని వదల్లేదు, 2024 సీజన్ గచ్చిబౌలిలో మొదలైంది, 2025ది విశాఖలో. కబడ్డీ మన పల్లెల ఆట కదా, ఆ మాత్రం మమకారం ఉండాలి. బ్లాక్ హాక్స్ వాళ్లకి ఒకటే విన్నపం: వాలీబాల్ అంటే ఊరూరా సాయంత్రం నెట్ కట్టే యువకులున్నారు. సినిమా స్టార్ సెల్ఫీల కంటే ముందు వాళ్లను పట్టుకోండి.

ఇప్పుడు జనం గురించి ఒక గట్టి మాట. 2022 సెప్టెంబరులో భారత్-ఆస్ట్రేలియా టికెట్ల కోసం జింఖానా మైదానంలో తొక్కిసలాట జరిగింది. 2025లో ఉచిత పాసుల మీద పెద్దల మధ్య గొడవ పేపర్లకెక్కింది. 2025 జూన్ 4న బెంగళూరులో కప్పు సంబరానికి వచ్చిన 11 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లు చేసిన తప్పు తమ ఊరి జట్టును ప్రేమించడమే. ఆ వార్త చూసినప్పుడు బెంగళూరు అని కాదు, మన పిల్లలే అనిపించింది. మాకూ ఏదో ఒక రోజు కప్పు వస్తుంది, మేమూ అలాగే పరిగెత్తుకొస్తాం. అప్పుడు గేట్లు ఎన్ని, ఎవరు ఎటు నుంచి రావాలి, అంబులెన్స్ ఎక్కడ ఆగాలి అన్నది ఆ పూట ఆలోచిస్తే కుదరదు. టికెట్లు అమ్మే తీరు కూడా అంతే. ఆన్‌లైన్‌లో క్యూలో గంట నిలబెట్టి, చివరికి ‘అమ్ముడైపోయాయి’ అని చూపిస్తారు. పది నిమిషాల్లో అదే టికెట్ మూడు రెట్లకు బయట దొరుకుతుంది. ఆ గంటసేపు ఇంట్లో అందరి టెన్షన్ ఎలా ఉంటుందో మీకు తెలియదు. నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, పక్కింటి వైఫై. చవక టికెట్లలో కొన్నైనా జిల్లాల బడులకు, అకాడమీ పిల్లలకు, కౌంటర్‌లో నేరుగా, పేరు రాసుకుని ఇవ్వండి. టికెట్టుతోపాటు గేటులో వస్తువులు పెట్టుకోవడానికి టోకెన్ కౌంటర్ ఒకటి ఇవ్వండి. పవర్ బ్యాంకులు తెచ్చేవాళ్లు దొంగలు కాదు, మెట్రోలో ఇంటికెళ్లాల్సిన మనుషులు.

మీరు చేయగలిగింది ఒకటి చెబుతాను, ఖర్చు కూడా పెద్దగా లేదు. వచ్చే సీజన్ మొదలయ్యేలోపు ఒక ఆదివారం పొద్దున అందరూ కలిసి ఎల్బీ స్టేడియం తీసుకోండి. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, హాకీ, అన్ని జట్లూ. టికెట్ వద్దు గానీ ముందే పేర్లు రాయించుకోండి, పాసులు వార్డుల వారీగా పంచండి, వచ్చిన వాళ్లలో ఒక్కరు కూడా నలగకూడదు. 2009, 2016, 2022 కప్పుల నమూనాలు ఒక బల్ల మీద వరసగా పెట్టండి, రోవర్స్ కప్పు గెలిచిన పోలీస్ జట్టు ఫొటో ఒకటి పెద్దది చేయించి వెనక తగిలించండి. ఆ జట్ల తరఫున ఆడి ఇంకా మన మధ్య ఉన్న పెద్దవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి. సిరాజ్‌ను, తిలక్‌ను కూడా పిలవండి, వేరే జట్టు జెర్సీలో వచ్చినా మాకు ఇబ్బంది లేదు. మైక్‌లో తెలుగు, ఉర్దూ రెండూ వినిపించాలి.

తేదీ పదిహేను రోజుల ముందు చెబితే చాలు, పిల్లల పరీక్షలు చూసుకుని వస్తాం. జవాబు పత్రికాముఖంగా ఇచ్చినా సరే, సోషల్ మీడియాలో పెట్టినా సరే.

ఇట్లు,
ఉప్పల్‌లో సీటు దొరికినప్పుడల్లా వచ్చే,
దొరకనప్పుడు రామంతాపూర్ మేడ మీద నుంచి ఫ్లడ్‌లైట్లు చూసే
మీ అభిమాని